ఆమె జీతం లెక్కలో ఉంది, ఆమె లేదు: బ్రిటన్ పని, పింఛన్ల శాఖ మంత్రికి బహిరంగ లేఖ

పని, పింఛన్ల శాఖ మంత్రిగారికి,
కాక్స్టన్ హౌస్, లండన్.

మంత్రిగారూ,

ఈ ఉత్తరం తెలుగులో ఉందని విసుక్కోకండి. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపాను. మీ శాఖకు ఫోన్ చేసి అడిగినవారికి దుబాసీని ఏర్పాటు చేస్తారు కాబట్టి, ఇంత ఉత్తరం చదివించుకోవడం మీకు కష్టం కాదు. తెలుగులో రాయడానికి అసలు కారణం వేరు. తూర్పు లండన్‌లో అద్దె ఇళ్లలో ఉంటున్న మా తెలుగు కుటుంబాలు కొన్ని ఒకే ప్రశ్న దగ్గర తచ్చాడుతున్నాయి: భార్య పనిలో చేరితే ఇంటి అద్దెకు వచ్చే సాయం ఏమవుతుంది? వారికి మీ నియమమూ తెలియాలి, ఆ నియమం మీద నా అభ్యంతరమూ తెలియాలి. అందుకే ఒకే ఉత్తరంలో రెండూ రాస్తున్నాను.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువారందరి గురించీ కాదు నేను చెప్పేది. చదువుకోవడానికి వచ్చినవారికి, ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి, వారి వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు మీ సాయంలో ఒక్క పెన్నీ రాదు. ప్రజా నిధులకు అర్హత లేదన్న షరతుతోనే వారికి వీసా ఇస్తారు. ఆ షరతుకు వేళ్లు 1999 నాటి వలసల చట్టం 115వ సెక్షన్‌లో ఉన్నాయి. దాని మంచిచెడ్డలు ఇంకొకప్పుడు మాట్లాడుకోవచ్చు. నేను చెప్పేది మిశ్రమ కుటుంబాల గురించి. భర్తకు ఇక్కడ శాశ్వత నివాసమో పౌరసత్వమో ఉంటుంది. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో పెళ్లి చేసుకుని వచ్చిన భార్య స్పౌజ్ వీసా మీద ఉంటుంది. ఆమె వీసాకు ఆ షరతు ఉంటుంది, అతనికి ఉండదు. ఒక పాపో బాబో పుడతారు, వారు బ్రిటిష్ పౌరులు. అతని జీతం అద్దెకు చాలదు, తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ సాయం తీసుకుంటారు. ఒకప్పుడు స్థానిక కౌన్సిల్ అద్దె కోసం ఇచ్చిన హౌసింగ్ బెనిఫిట్ పనిచేసే వయసు వారికి ఇప్పుడు చాలావరకు ఇందులోనే కలిసిపోయింది కదా. (తిరగేసిన కుటుంబాలూ ఉన్నాయి. భార్య పౌరురాలు, వచ్చినవాడు భర్త. లెక్క అదే కాబట్టి మళ్లీ మళ్లీ చెప్పను.)

ఇలాంటి ఇంటి గురించి మీ 2013 నాటి యూనివర్సల్ క్రెడిట్ నియమాలు చెప్పేది ఇది. భర్త ఒంటరి మనిషిగా దరఖాస్తు చేసుకోవాలి. భార్య అర్హత లేని భాగస్వామి కాబట్టి దంపతులకు ఇచ్చే భత్యం ఇవ్వరు, ఒంటరి వ్యక్తి భత్యమే ఇస్తారు. 25 ఏళ్లు దాటిన దంపతులకు 2025-26లో నెలకు 628 పౌండ్ల 10 పెన్నీలు, ఒంటరి వ్యక్తికి 400 పౌండ్ల 14 పెన్నీలు. అంటే దాదాపు 228 పౌండ్ల తేడా. ఇంతవరకు నాకు పేచీ లేదు. ప్రజా నిధుల నుంచి ఆమె కోసం ఏమీ తీసుకోకూడదని వీసాలో ఉంది, ఆ మాటకు మీరు కట్టుబడ్డారు.

ఆమె ఉద్యోగంలో చేరిన రోజున మాత్రం అవే నియమాలు ఆమెను గుర్తుపడతాయి. ఆమె సంపాదన అతని సంపాదనలో కలుస్తుంది. ఆమె పొదుపు కూడా అతని పొదుపులో కలిసి, సాయానికి పెట్టిన 16,000 పౌండ్ల పొదుపు పరిమితికి లెక్కకు వస్తుంది. ఇవ్వవలసినప్పుడు అతను ఒంటరివాడు, కోయవలసినప్పుడు ఇద్దరూ దంపతులు. పంక్తిలో ఆమెకు విస్తరి వేయకుండా, వంటకు బియ్యం మాత్రం ఆమె వాటా కూడా కొలిచి తీసుకున్నట్టుంది ఈ పద్ధతి.

నేను వృత్తిరీత్యా పద్దులు రాసేదాన్ని. వారాంతాల్లో మావాళ్లకు ఫారాలు నింపిపెడుతుంటాను. అంకెల్లో చూపిస్తే తప్ప నాకు తృప్తి ఉండదు కాబట్టి ఒక ఉదాహరణ వేస్తాను. ఇది ఏ ఒక్కరి ఇంటి కథా కాదు, అంకెలు మాత్రం 2025-26 సంవత్సరానికి మీ ప్రభుత్వం ఇచ్చినవే.

భర్తకు ఉద్యోగం ఉంది, ఒక బిడ్డ ఉంది, అద్దెకు సాయం వస్తోంది. పిల్లలున్న ఇంటికి, అద్దె సాయం కూడా పొందుతుంటే, సంపాదనలో నెలకు మొదటి 411 పౌండ్లను మీరు ముట్టుకోరు. దీన్ని పని మినహాయింపు అందాం. అది ఇంటికి ఒక్కటే. భర్త జీతమే దాన్ని మొదటి వారంలో మింగేస్తుంది. ఇప్పుడు భార్య సూపర్ మార్కెట్‌లో అరలు సర్దే పనిలో చేరింది. వారానికి 16 గంటలు, గంటకు కనీస వేతనం 12 పౌండ్ల 21 పెన్నీలు. నెలకు సుమారు 846 పౌండ్లు. ఆదాయపు పన్ను లేదు, నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక బీమా చందా) కోత లేదు, ఉద్యోగ పింఛను చందాను పక్కన పెడితే జీతం చీటీలో ఉన్నదంతా చేతికొస్తుంది. చేతికొచ్చిందని ఆమె అనుకుంటుంది. మినహాయింపు మిగల్లేదు కాబట్టి ఆమె మొదటి పౌండు నుంచే పౌండుకు 55 పెన్నీల చొప్పున ఇంటి సాయం తగ్గుతుంది. అంటే 465 పౌండ్లు పోయాయి. మిగిలింది 381.

ఇంకా ఉంది. వారానికి నాలుగు రోజులు బస్సులో వెళ్లి వస్తే, ఆ ఏడాది లండన్ బస్సు టికెట్ 1 పౌండు 75 పెన్నీలు కాబట్టి, నెలకు 60 పౌండ్లు దానికి. మిగిలింది 320. ఆమె పనిచేసిన గంటలతో భాగించి చూడండి, గంటకు 5 పౌండ్లు కూడా రావు. కౌన్సిల్ పన్ను రాయితీ ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. 2013 ఏప్రిల్ నుంచి ఏ కౌన్సిల్‌కు ఆ కౌన్సిల్ సొంత పద్ధతి పెట్టుకుంది కాబట్టి ఆ కోత ఎంతో ఊరు చూసి చెప్పాలి. పనికి వెళ్లినంతసేపు బిడ్డను ఎవరు చూస్తారన్నదీ నేను కలపలేదు. మా ఇళ్లలో చాలాసార్లు దానికి జవాబు ఆరు నెలల సందర్శక వీసా మీద వచ్చే అమ్మమ్మ. ఆమె వెళ్లిపోయాక మళ్లీ ప్రశ్నే.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కోత రేటు మొదట 65 పెన్నీలు, 2017లో 63 అయింది, 2021 చివర్లో 55కు దిగింది. 1988 నుంచి నడిచిన పాత హౌసింగ్ బెనిఫిట్‌లోనూ, పరిమితి దాటిన నికర ఆదాయంలో పౌండుకు 65 పెన్నీలు పోయేవి, దాని మీద కౌన్సిల్ పన్ను సాయంలో మరో 20 పెన్నీలు. పాత కాలం బంగారమని నేను అనడం లేదు. అయితే ఆ పాత పథకంలో ఉన్న ఒక మంచి ఏర్పాటును మీరు కొత్త ఇంట్లోకి తెచ్చుకోలేదు. నిరుద్యోగ భృతిలాంటి సాయం మీద 26 వారాలు వరుసగా ఉన్న ఇంట్లో, అర్జీదారుగాని భాగస్వామిగాని పనిలో చేరితే, మొదటి నాలుగు వారాలు అద్దె సాయం పాత మొత్తంలోనే వచ్చేది. కొత్త ఉద్యోగంలో మొదటి జీతం నెల తిరిగాక వస్తుంది, ఇంటి యజమానికి మాత్రం ఒకటో తేదీనే అద్దె కట్టాలి. ఆ సంగతి తెలిసిన మనిషెవరో రాసిన నియమం అది. యూనివర్సల్ క్రెడిట్‌లో అది లేదు.

జీతం వచ్చే తీరుతోనూ చిక్కే. దుకాణాల్లో, శుభ్రపరిచే పనుల్లో చాలాచోట్ల నాలుగు వారాలకోసారి జీతమిస్తారు. అంటే ఏడాదికి 13 జీతాలు. మీరు లెక్క వేసేది నెలకు. ఏదో ఒక నెలలో రెండు జీతాలు పడతాయి, ఆ నెల అద్దె సాయం ఒక్కసారిగా కుంగిపోతుంది. నెల జీతం తీసుకునేవారికి ఇలాంటి ఇబ్బంది వచ్చినప్పుడు నలుగురు ఒంటరి తల్లులు కోర్టుకెక్కారు. 2020లో అప్పీలు కోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది, మీ శాఖ నియమం మార్చింది. నాలుగు వారాల జీతగాళ్లు అలాగే ఉండిపోయారు. వారికి మేం చెప్పగలిగేది, ఆ నెల కోసం ముందే కొంత దాచుకోండి అని మాత్రమే. కనీస వేతనం మీద బతికేవారికి ఈ సలహా ఇవ్వడానికి నాకు నోరు రావడం లేదు.

డబ్బు ఎంత తగ్గుతుందన్నది ఒక ఎత్తు. ఎవరి చేతిలో తగ్గుతుందన్నది ఇంకొక ఎత్తు. మీ అధికారులు దీన్ని ఆలోచించారో లేదో నాకు అనుమానమే. దరఖాస్తు ఒంటరి వ్యక్తిది కాబట్టి సాయం భర్త ఖాతాలో పడుతుంది. జీతం భార్య ఖాతాలో పడుతుంది. ఆమె ఉద్యోగం వల్ల తగ్గిన 465 పౌండ్లు అతని ఖాతాలో తగ్గుతాయి. అద్దె కట్టేది అతను. కాబట్టి నెలాఖరున ఆమె దగ్గర చేయి చాచవలసి వస్తుంది, లేదా ఆమె తనంతట తాను పంపాలి. సఖ్యంగా ఉన్న ఇళ్లలో ఇది ఒక నిమిషంలో తేలిపోయే విషయం. అంతంతమాత్రంగా ఉన్న ఇళ్లలో, "నువ్వు పనికి వెళ్లడం వల్లే నాకు రావలసింది పోయింది" అన్న మాట మొదలవుతుంది. ఆ మాట నేను విన్నాను, ఒక్క ఇంట్లో కాదు. ఊరుగాని ఊరు వచ్చి, మొదటిసారి సొంత జీతం చూసుకున్న మనిషికి ఆ నెలలోనే ఈ మాట పడుతుంది. ఇంట్లో కూర్చుంటే గొడవ లేదు కదా అని మానేసినవారూ ఉన్నారు.

మానేస్తారని మీ శాఖకు ముందే తెలుసు. ఈ పథకం రూపుదిద్దుకుంటున్న రోజుల్లో మీ శాఖ రాసుకున్న ప్రభావ అంచనా పత్రాల్లోనే, కొన్ని కుటుంబాల్లో రెండో సంపాదనపరులు గంటలు తగ్గించుకోవచ్చు, పని మానుకోనూవచ్చు అని ఉంది. దాన్ని కుటుంబాలు తమకు నచ్చినట్టు పనినీ ఇంటినీ సర్దుకునే వెసులుబాటుగా చూపించారు. ఆ రెండో సంపాదనపరులు ఎక్కువగా ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. పౌరసత్వం ఉన్న దంపతులకూ ఈ దెబ్బ తగులుతుంది, ఎందుకంటే మినహాయింపు వారికీ ఒక్కటే. కాకపోతే వారికి దంపతుల భత్యమైనా ఉంది. మా మిశ్రమ ఇళ్లకు అదీ లేదు, ఇదీ లేదు.

ఇక వీసాలు చూసే హోం శాఖ సంగతి చూడండి. స్పౌజ్ వీసాకు కనీస ఆదాయ పరిమితి 2024 ఏప్రిల్ 11 నుంచి 29,000 పౌండ్లు. అంతకుముందు వచ్చినవారు పాత పరిమితి 18,600 మీద కొనసాగుతున్నారు, నేను చెప్పే ఇళ్లు ఎక్కువగా వారివే. వీసా పొడిగింపు నాటికి భార్య ఇక్కడ సంపాదిస్తున్నది కూడా ఆ పరిమితికి కలుపుకోవచ్చని హోం శాఖ అంటుంది. అంటే ఆమె పనిలో చేరాలి, జీతం చీటీలు భద్రంగా పెట్టుకోవాలి. పొడిగింపు రుసుముతో పాటు వైద్య సర్‌ఛార్జీ ఏడాదికి 1,035 చొప్పున రెండున్నర ఏళ్లకు 2,587 పౌండ్ల 50 పెన్నీలు కట్టాలి. ఆమె కాస్త ఎక్కువ గంటలు చేస్తే పన్నూ కడుతుంది, నేషనల్ ఇన్సూరెన్సూ కడుతుంది. ఒక శాఖ ఆమెను సంపాదించమంటుంది, ఇంకో శాఖ ఆ సంపాదనలో సగానికి పైగా ఇంటి నుంచి వెనక్కి తీసుకుంటుంది. రెండు శాఖల మంత్రులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు కదా, ఒకసారి మాట్లాడుకోకూడదా?

మంత్రిగారిని ఒక్క నిమిషం ఆగమని, ఇది చదువుతున్న మావాళ్లతో రెండు మాటలు చెబుతాను. అమ్మా, అయ్యా, వదంతులు నమ్మకండి. స్పౌజ్ వీసా మీద ఉన్న మనిషి ఉద్యోగం చేయడం వీసా ఉల్లంఘన కాదు, ఆ వీసా పనికి అనుమతిస్తుంది. అర్హత ఉన్న భర్త తన పేరున, తన బిడ్డ పేరున సాయం తీసుకోవడం ఆమె వీసాకు మచ్చ కాదు. ఆమె కారణంగా అదనంగా తీసుకుంటేనే సమస్య. పనిలో చేరిన సంగతి దాచవద్దు, అదే నెలలో యూనివర్సల్ క్రెడిట్ ఖాతాలోని ఆన్‌లైన్ జర్నల్‌లో తెలపండి. దాస్తే అప్పు పెరుగుతుంది, పైన 50 పౌండ్ల జరిమానా కూడా వేయవచ్చు. చీటీ లేకుండా చేతికి డబ్బిచ్చే హోటల్ పనులు, ఇళ్ల పనులు తెలివైన దారి అని మీకు చెప్పేవాడు మీ హితుడు కాడు. సాయం తగ్గకుండా ఉండవచ్చు గాని, వీసా పొడిగింపు రోజున ఆ డబ్బుకు సాక్ష్యం ఉండదు. దొరికితే రెండు శాఖలతోనూ తలనొప్పి. ఇంకొకటి, సాయం తగ్గడమంటే ఇల్లు నష్టపోవడం కాదు. ఎంత తక్కువైనా పైన వేసిన ఉదాహరణలో 300 పౌండ్లకు పైగా మిగిలాయి. ఆమెకు ఉద్యోగ అనుభవం, భాష, నాలుగు ముఖాల పరిచయం దీనికి అదనం. ఆమె కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ మీద ఆధారపడి వచ్చే భృతులు ప్రజా నిధుల కిందకు రావు, అవి ఆమె హక్కు.

కొన్ని ఇళ్లలో భాగస్వామి పనిలో చేరితే అద్దె సాయం తగ్గకపోగా పెరుగుతుంది కూడా. భర్తకు ఉద్యోగం పోయి, ముగ్గురు నలుగురు పిల్లలతో లండన్ అద్దె కడుతున్న ఇంటిని, మొత్తం సాయానికి ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ పరిమితి పట్టుకుంటుంది. 2023 ఏప్రిల్ నుంచి లండన్‌లో అది ఏడాదికి 25,323 పౌండ్లు, బయట 22,020. అలాంటి ఇంట్లో దంపతుల సంపాదన కలిపి ఒక మొత్తానికి (2025-26లో నెలకు 846 పౌండ్లు) చేరితే ఆ పరిమితి ఎత్తేస్తారు. వారానికి 16 గంటల కనీస వేతనం ఆ ఇంటి తలుపు తెరుస్తుంది. ఈ సంగతి ఆ ఇంటికి ఎవరూ చెప్పరు. పరిమితి వేసినట్టు వచ్చే సమాచారం మాత్రం అందరికీ వస్తుంది.

మళ్లీ మీ దగ్గరికి వస్తున్నాను, మంత్రిగారూ.

తప్పు మీ శాఖదే అయినా, ఎక్కువిచ్చిన సొమ్ము వెనక్కి వసూలు చేసే అధికారం 2012 నాటి సంక్షేమ సంస్కరణల చట్టం మీకిచ్చింది. పాత హౌసింగ్ బెనిఫిట్‌లో, కౌన్సిల్ పొరపాటున ఎక్కువ ఇస్తే, తీసుకున్నవారికి అది పొరపాటని తెలిసే వీలు లేకపోతే, వసూలు చేయకూడదన్న నియమం ఉండేది. మిశ్రమ ఇళ్ల లెక్కలు తలనొప్పి లెక్కలు, తప్పులు దొర్లుతాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం భార్య ఉద్యోగం సంగతి సమయానికి చెప్పింది, జీతం చీటీలు పెట్టింది. అయినా చాలా నెలలు ఆ జీతం లెక్కకెక్కలేదు. తర్వాత ఒక్కసారిగా మొత్తం అప్పుగా వచ్చిపడింది, ఇప్పుడు నెలనెలా సాయంలో కోసుకుంటున్నారు. ఆ కార్యాలయం పేరు నేను చెప్పను. అక్కడి ఉద్యోగులు మర్యాదస్తులే, క్షమాపణ కూడా చెప్పారు. క్షమాపణతో అద్దె కట్టలేం గదా.

నేను అడిగేది ఇది. అర్హత లేని భాగస్వామికి భత్యం ఇవ్వమని అడగడం లేదు, ఆ చర్చ వీసా షరతుల దగ్గర తేలాలి. భత్యం ఇవ్వని మనిషి జీతంలోంచి, కనీసం ఆ ఇవ్వని 228 పౌండ్ల మేరకైనా పక్కన పెట్టి, మిగిలినదాని మీదే కోత వేయండి. అలా చేస్తే పై ఉదాహరణలోని ఇంటికి నెలకు మరో 125 పౌండ్లు మిగులుతాయి. ఆమె తన పోషణ తానే చూసుకుంటోందని ఒప్పుకున్నట్టు అవుతుంది, ప్రజా నిధుల నుంచి ఆమెకు ఇచ్చినట్టూ కాదు. పౌరులైన దంపతుల్లో కూడా రెండో సంపాదనకు చిన్నదైనా ఒక మినహాయింపు ఉండాలి. నాలుగు వారాల పాత ఏర్పాటును తిరిగి తీసుకురండి, అది కొత్త ఆలోచనేమీ కాదు, మీ బీరువాలోనే ఉంది. సమయానికి సమాచారం ఇచ్చినవారి దగ్గర మీ తప్పుకు వసూలు ఆపండి.

వీటికి చట్టమో నియమమో మార్చాలి, సమయం పడుతుందంటారు. సరే. రేపే చేయగలిగింది ఒకటుంది. భాగస్వామి పనిలో చేరినట్టు జర్నల్‌లో రాసిన రోజున, వచ్చే నెల సాయం సుమారు ఎంత తగ్గుతుందో, ఎంత మిగులుతుందో చూపే ఒక పేజీ పంపండి. ఇప్పుడు ఆ కుటుంబానికి ఆ సంగతి డబ్బు పడ్డ రోజునో పడని రోజునో తెలుస్తోంది. అంకెలు మీ దగ్గరే ఉన్నాయి, నా దగ్గరున్నది ఒక పెన్సిలు, కాలిక్యులేటరు. నేను పావుగంటలో వేసి ఇచ్చే లెక్క మీ కంప్యూటర్లు వేయలేవా?

మా నియోజకవర్గ ఎంపీకి కూడా ఈ ఉత్తరం ప్రతి పంపాను, పార్లమెంటులో లిఖితపూర్వక ప్రశ్నగా అడగమని కోరాను. ప్రశ్న ఒక్కటే: ఒంటరి వ్యక్తి భత్యం ఇస్తూ, భాగస్వామి జీతం కలిపి కోత వేస్తున్న కుటుంబాలు ఎన్ని, ఆ కోత మొత్తం ఏడాదికి ఎంత? మీ జవాబు ఇంగ్లీషులో వచ్చినా ఫరవాలేదు. తెలుగులోకి మార్చి, మీ మాట ఒక్కటీ వదలకుండా, ఈ ఉత్తరం కిందే ప్రచురిస్తాను.

ఇట్లు,
ఈస్ట్ హామ్ నుంచి,
పద్దులు రాసుకునే ఒక తెలుగు ఓటరు